పాట ఊరిది, పట్టా ఎవరిది?

నాలుగేళ్లు తిరక్కుండానే శ్రీకాకుళం వైపు ఊళ్లు రెండు తెలుగు సినిమాలకు పేర్లయ్యాయి. 2020 మార్చిలో ‘పలాస 1978’, 2023 నవంబరులో ‘కోటబొమ్మాళి పీఎస్’. రెండింటిలోనూ కథ కంటే ముందు జనం నోటికెక్కింది పాటే. పలాసకు ‘నక్కిలీసు గొలుసు’, కోటబొమ్మాళికి ‘లింగిడి’. 2020 జనవరిలో వచ్చిన ‘అల వైకుంఠపురములో’ సినిమాలోని ‘సిత్తరాల సిరపడు’దీ శ్రీకాకుళం యాసే. యాస ఒకటే అయినా పేర్లు వేసే దగ్గర మూడు పాటలవీ మూడు దారులు. సిరపడుకు రచయితగా విజయ్ కుమార్ భల్లా పేరుంది. లింగిడి పి. రఘు పేరు మీద వచ్చింది. నక్కిలీసు గొలుసుకు మాత్రం రచయిత పేరు ఉండాల్సిన చోట ‘ఉత్తరాంధ్ర జానపదం’ అని ఉంటుంది.

ఆ రెండు మాటలు చూసి ఊళ్లో పాడేవాళ్లు అడిగేది ఒకటే. జానపదం అంటే ఇంక అది ఎవరిదీ కాదా? నిన్నటిదాకా జాతరలో పాడిన బృందానికి దాని మీద ఏమీ రాదా? రేపు మేం పాడితే మాకే నోటీసు వస్తుందా? టెక్కలి, పలాస, సోంపేట కోర్టుల్లో ప్రాక్టీసు చేసే ప్లీడర్ల దగ్గరికి భూతగాదాలు, ప్రమాద పరిహారాలు, చెక్ బౌన్సులు వస్తాయి గానీ పాట తగాదా వచ్చేది తక్కువ. వచ్చినా ‘జానపదమేగా, కేసు నిలబడదు’ అని పంపేయడం తేలిక. ఆ సమాధానం సగమే సరైనది. చట్టం ఇవ్వని హక్కు ఒకటుంది నిజమే. కానీ మన కళాకారుల నష్టంలో పెద్ద వాటా చట్టం ఎప్పుడో ఇచ్చేసిన హక్కులదే. అవి కాగితం మీదికి ఎక్కలేదు, అంతే.

ముందు పేర్ల సంగతి తేల్చేద్దాం. ఊరి పేరును సినిమాకు పెట్టుకున్నందుకు ఊరికి ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. సినిమా పేరుకే కాపీరైటు ఉండదని 2015లో కృషికా లుల్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కథ విషయమూ స్పష్టమే. ‘కోటబొమ్మాళి పీఎస్’కు మూలం 2021లో మార్టిన్ ప్రక్కాట్ తీసిన మలయాళ సినిమా ‘నాయట్టు’. రీమేక్ చేయాలంటే హక్కులు కొనాలని ఇండస్ట్రీలో అందరికీ తెలుసు. ఊహ ఎవరికైనా రావచ్చు, దాన్ని రక్తమాంసాలతో నిలబెట్టిన తీరుకే రక్షణ అని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసు గీసిన గీత దగ్గరే ఇప్పటికీ కథల తగాదాలు నడుస్తున్నాయి. పాట దగ్గరికొచ్చేసరికే ఈ స్పష్టత పోతుంది.

పోవడానికి కారణముంది. మనం ఒక్క మాటలో పాట అనేస్తాం. 1957 నాటి కాపీరైటు చట్టం దాన్ని నాలుగు హక్కులుగా చీలుస్తుంది. మాటలు సాహిత్య రచన, వాటి హక్కు రాసినవారిది. బాణీ సంగీత రచన, అది కూర్చినవారిది. రికార్డింగు ఇంకొకటి, అది ‘నిర్మాత’ది. ఇక్కడ నిర్మాత అంటే రికార్డు చేయడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషి. మైకూ కెమెరా తెచ్చుకుని పొలం గట్టు మీద పాడించుకున్న యూట్యూబు చానల్ యజమాని కూడా ఈ లెక్కలో నిర్మాతే. నాలుగోది పాడిన గొంతుది, ప్రదర్శకుల హక్కు.

ఈ నాలుగో హక్కు చాలా ఆలస్యంగా వచ్చింది. 1977లో రచయితలు, బాణీకర్తల సంస్థ ఐపీఆర్ఎస్ కేసులో సినిమా పాటల మీద నిర్మాతదే పైచేయి అని సుప్రీంకోర్టు తేల్చినప్పుడు, జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట రాశారు. పాటకు ప్రాణం పోసే గాయకుడికి మన చట్టంలో చోటే లేకపోవడం ఏమిటని ఆయన బాధ. 1994 సవరణతో గాని ఆ చోటు దొరకలేదు. అప్పుడు ప్రదర్శకుడి నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడితో పాటు దొమ్మరి విద్యలవాడినీ గారడీవాడినీ పాములవాడినీ కూడా పేర్కొన్నారు. అంత దూరం వెళ్లిన నిర్వచనంలో తప్పెటగుళ్లు ఆడే మనిషి ఉన్నాడా, జముకుల కథ చెప్పే మనిషి ఉన్నాడా అని అడగక్కర్లేదు. ప్రదర్శన ఇచ్చే ఎవరైనా అని చివర్లో ఉండనే ఉంది.

ఆ సవరణే మరో పని చేసింది. జానపదానికి సంబంధించి నా లెక్కలో అదే పెద్దది. అంతకుముందు సంగీత రచన అంటే రాతలోకో అచ్చులోకో ఎక్కిన బాణీ మాత్రమే. స్వరాలు రాయని, రాయడం రాని మనిషి కట్టిన బాణీని చట్టం బాణీగా చూసేదే కాదు. 1994లో ఆ షరతు తీసేశారు. నోటితో కట్టి నోటితో నేర్పిన బాణీ కూడా ఇప్పుడు సంగీత రచనే. మన జిల్లాలో పాటలు కట్టేవాళ్లలో ఎక్కువ మందికి ఈ సంగతి తెలియదు. తెలిస్తే తమ పాటను తామే ‘జానపదం’ అని పరిచయం చేసుకోరు.

తాతల నాటి పాటకు, కట్టినవారెవరో తెలియని పాటకు, మాటల మీద గాని బాణీ మీద గాని ఎవరికీ కాపీరైటు లేదు. ఎవరైనా పాడవచ్చు, ఎవరైనా సినిమాలో పెట్టుకోవచ్చు, అనుమతీ డబ్బూ అక్కర్లేదు. ఇది చట్టంలో దొర్లిన పొరపాటేమీ కాదు, కావాలని పెట్టిన ఏర్పాటే. అందరి సొత్తు అందరికీ అందుబాటులో ఉండాలి. ఇలాంటి పాటను ఒక బృందం ముప్పై ఏళ్లుగా పాడుతున్నంత మాత్రాన దానికి పట్టా రాదు. సేకరించి పుస్తకం వేసినా రాదు. బిరుదురాజు రామరాజు గారి వంటి పెద్దలు ఊరూరా తిరిగి పోగుచేసిన పాటల విషయంలోనూ, ఎంపికలో కూర్పులో వ్యాఖ్యలో వారి సొంత కృషికే రక్షణ. ఆ పాటలకు వారు యజమానులు కారు, కావాలని వారు అడగనూ లేదు.

ఇంకో చేదు నిజం. రికార్డింగు హక్కు ఆ రికార్డింగుకే పరిమితం. మీ బృందం ఫోనులో రికార్డు చేసి పెట్టిన పాటను సినిమావాళ్లు కోసి వాడుకుంటే దావా వేయవచ్చు. అదే పాటను వేరే గొంతుతో కొత్తగా పాడించుకుంటే మీ రికార్డింగును ముట్టుకోనట్టే. అప్పుడు మాటల మీదో బాణీ మీదో మీకు సొంత హక్కు ఉంటేనే అడిగే వీలు.

ఉంటుందా? ఉత్తరాంధ్రలో చాలాసార్లు ఉంటుంది. ఇక్కడి పాట రాతి మీద చెక్కినట్టు ఒకేలా ఉండదు. పల్లవి పాతది. చరణాలు పాడేవాడివి. ఈ ఏడు తుఫాను వస్తే తుఫాను మీద, వలస పెరిగితే విశాఖ బస్సు మీద, ఉద్దానంలో కిడ్నీ జబ్బు ముదిరితే డయాలసిస్ మీద ఒక చరణం కలుస్తుంది. వంతపాటకు దరువు మారుతుంది. కలిపిన ఆ చరణం సొంత సృష్టి. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన కొలత ప్రకారం చెమటోడ్చితే చాలదు, మహాకావ్యమూ అక్కర్లేదు, కొంత సృజన కనిపిస్తే సరిపోతుంది. కలిపిన చరణానికి ఆ కొలత అందుతుంది. చిక్కంతా ఎవరు కలిపారో, ఎప్పుడు కలిపారో చూపించడంలోనే.

ఈ చిక్కు మనదొక్కటే కాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. అక్కడి ‘రంగబతి’ పాట మన పెళ్లి ఊరేగింపుల్లోనూ మోగుతుంది, అడిగితే జానపదమనే అంటారు. కానీ అది 1970లలో మిత్రభాను గౌంతియా రాయగా ప్రభుదత్త ప్రధాన్ బాణీ కట్టిన పాట. జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. 2015లో కోక్ స్టూడియో ఆ పాటను కొత్తగా చేసినప్పుడు రచయితా బాణీకర్తా కోటి రూపాయల నోటీసు పంపాకగాని దేశానికి దాని కర్తలు బతికే ఉన్నారని తెలియలేదు. బెంగాల్లో రతన్ కహార్ కథా అంతే. ఆయన కట్టిన పాట పల్లవితో 2020లో బాద్‌షా ‘గేందా ఫూల్’ చేశాడు. గొడవయ్యాక, వెతికితే ఎక్కడ చూసినా బెంగాలీ జానపదం అనే ఉందని సమాధానమిచ్చి, కహార్‌కు ఐదు లక్షలు ఇచ్చాడు. కహార్‌కు 2024లో పద్మశ్రీ కూడా వచ్చింది. బాద్‌షా సమాధానాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. పేరు ఎక్కడా నమోదు కాకపోతే మంచి ఉద్దేశంతో వెతికేవాడికీ మనిషి దొరకడు.

మనకు వంగపండు ప్రసాదరావు ఉన్నారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయన ఊరు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ ఎంతగా జనంలో కలిసిపోయిందంటే అది ఒక మనిషి రాసిన పాటని చాలామందికి తట్టదు. 2009లో ‘మగధీర’లోని పాటలో తన పల్లవిని అనుమతి లేకుండా వాడుకున్నారని ఆయనే బహిరంగంగా అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. జనకవికి ఇది విచిత్రమైన ఇరకాటం. తన పాట జనం పాట కావాలనే ఆయన కోరిక. అది తీరిన రోజునే వ్యాపారానికి అది ఎవరిదీ కాని పాటగా కనిపిస్తుంది. ఆయన 2020 ఆగస్టులో కన్నుమూశారు. రచయిత పోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లు హక్కు నడుస్తుంది కాబట్టి ఆయన పాటలు 2080 చివరిదాకా కాపీరైటులోనే ఉంటాయి. ఇంకా వెనక్కి వెళితే, బొడ్డపాడు నుంచి జముకుల కథను ఉద్యమపు గొంతుగా మార్చిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో హతుడయ్యారు. బతికుండగా ఆయన జనం ముందు పాడిన సొంత పాటలన్నీ 2029 డిసెంబరు 31 దాకా రక్షణలో ఉన్నవే. ‘ఉద్యమ గీతం, జానపద బాణీ’ అని రాసేసి వాడుకోవడం కుదరదు.

‘సారంగ దరియా’ తగాదా వేరే రకం. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాకు సుద్దాల అశోక్ తేజ ఆ పాట రాసినప్పుడు, దాన్ని సేకరించి టీవీ వేదికపై పాడి వెలుగులోకి తెచ్చింది తానని కోమలి ముందుకొచ్చారు. పల్లవి జానపదమని సుద్దాల, వెలికితీసిన శ్రమ తనదని కోమలి. చట్టం ముందు నిలబెడితే సేకరించినవారి వాదన బలహీనమే. కాని దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరూ పారితోషికమూ ఇస్తామని ప్రకటించారు. కోర్టు బయట ధర్మం ఒకసారి ఇలా గెలిచింది. దాన్ని ఆనవాయితీగా మార్చుకునే అవకాశం ఇండస్ట్రీకి అప్పుడే వచ్చింది. మార్చుకున్నట్టు నాకైతే కనిపించదు.

ఇక ఉన్న హక్కుల సంగతి. 2012 సవరణ సినిమా పాటల లోకాన్ని తలకిందులు చేసింది. పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ కాపీరైటును నిర్మాతకు ఎంత గట్టిగా రాసిచ్చినా, థియేటర్లో సినిమాతో పాటు ఆడటం మినహా మిగతా వాడకాలన్నిటి మీదా సగం రాయల్టీ వాటాను వదులుకోలేరు. వదులుకున్నట్టు సంతకం పెట్టించినా చెల్లదు. టీవీ, రేడియో, యూట్యూబు, కాలర్ ట్యూన్ అన్నీ ఇందులోకి వస్తాయి. ఊళ్లో చరణం కట్టిచ్చి ఐదు వేలు పుచ్చుకుని వచ్చిన మనిషికీ ఇది వర్తిస్తుంది. కానీ డబ్బు దానంతట అది ఇంటికి రాదు. రచయితలు, బాణీకర్తల రాయల్టీ వసూలు చేసే సంస్థ 1969లో పుట్టిన ఐపీఆర్ఎస్. గాయకులకు వేరే సంఘం ఉంది. సభ్యత్వం లేనివాడి వాటా ఎవరికి పంపాలో వసూలు చేసేవాడికీ తెలియదు.

గాయకుల హక్కు 50 ఏళ్లు. సినిమాలో పాడటానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక సినిమా విడుదలను ఆపలేరు గాని, వ్యాపార వాడకానికి రాయల్టీ పొందే హక్కు మిగిలే ఉంటుంది. ఇందులో ఒక మడతపేచీ ఉంది. సినిమాలో ఏదో సందర్భవశాత్తు కనిపించి, ఇండస్ట్రీ అలవాటు ప్రకారం టైటిల్స్‌లో పేరు పడని మనిషిని చట్టం ప్రదర్శకుడిగా లెక్కించదు. తన ప్రదర్శనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కొక్కటే అతనికి మిగులుతుంది. జాతర సీను కోసం తీసుకెళ్లిన తప్పెటగుళ్ల బృందం, కోరస్‌లో గొంతు కలిపిన ఆడవాళ్లు సరిగ్గా ఈ గుంటలోనే పడతారు. టైటిల్ కార్డులో పేరు పడటం మనకు గౌరవం సంగతిగా కనిపిస్తుంది. నిజానికి రాయల్టీ అడగడానికి కాలు మోపే చోటు అదే. ‘సార్, బృందం పేరు వేయండి’ అని అడిగితే ఏ దర్శకుడూ కాదనడు. ‘ఫలానా వాద్యానికి ఫలానా వ్యక్తి’ అని మనుషుల పేర్లతో వేయమని అడగాలి, అగ్రిమెంటులో రాయించుకోవాలి.

అగ్రిమెంటు అనగానే చానళ్లవాళ్లు తెచ్చే ఒక పేజీ కాగితం గుర్తొస్తుంది. ‘సర్వహక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న వాక్యం అందులో ఎప్పుడూ ఉంటుంది. చదవకుండా సంతకాలు పడతాయి. అసలు కాగితమే లేనివి ఇంకా ఎక్కువ. ఆ రెండో రకం కళాకారుడికి నష్టమనుకుంటాం గానీ, చట్టం చూస్తే తిరగబడుతుంది. రాతలో సంతకంతో లేని బదిలీ చెల్లదు. నోటిమాట మీద పాట ఇచ్చేసిన రచయిత హక్కు ఇంకా అతని దగ్గరే ఉంది. కాగితం ఉన్నా ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. తీసుకున్న హక్కును ఏడాదిలోపు వాడకపోతే, వేరే గడువు రాసుకోకుంటే, బదిలీ దానంతట అదే పోతుంది. మన ప్లీడర్లు భూమి దస్తావేజును ఎలా శల్యపరీక్ష చేస్తారో ఈ ఒక పేజీనీ అలా చేస్తే చాలు, సగం కేసులు అక్కడే తేలతాయి.

ఇప్పుడు అసలు రణరంగం యూట్యూబు. సినిమా పాట విడుదలవగానే దాని జాడను పట్టే కంటెంట్ ఐడీ యంత్రంలో ఆ ట్రాకును పెడతారు. జానపద బాణీ ఒకటే కాబట్టి, ఎప్పుడో అప్‌లోడ్ చేసిన ఊరి బృందం వీడియో మీద కూడా క్లెయిము పడుతుంది. ప్రకటనల డబ్బు అటు మళ్లుతుంది. బృందం భయపడి వీడియో తీసేస్తుంది. తీసేయకండి. ఆ వీడియో అప్‌లోడైన తేదీయే మీ సాక్ష్యం. అందరి సొత్తును తమ ఒక్కరిదిగా ఆ యంత్రంలో పెట్టడానికి యూట్యూబు నియమాలే ఒప్పుకోవు. అభ్యంతరం పెడితే క్లెయిము చేసినవాడు 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే క్లెయిము పోతుంది. మీ పాటనే ఇంకొకరు పెట్టుకుంటే, చట్టం కింద రాతపూర్వక ఫిర్యాదు అందాక ఆ వేదిక 21 రోజులు దాన్ని ఆపి ఉంచాలి. ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. ఆధారం లేకుండా కాపీరైటు బెదిరింపులు చేసేవారి మీద ఎదురు దావా వేయడానికి సెక్షన్ 60 ఉంది. దాన్ని వాడిన ఊరి బృందాన్ని నేనింకా చూడలేదు.

జాతరల భయం గురించి రెండు మాటలు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి ఉత్సవాల వంటి చోట అమ్మవారి కార్యక్రమంలో భాగంగా పాడే పాటకు, వాయించే రికార్డుకు ఎవరి లైసెన్సూ అక్కర్లేదు. నిజమైన మత కార్యక్రమాలకు, ప్రభుత్వం జరిపే అధికారిక వేడుకలకు, పెళ్లి ఊరేగింపులకు చట్టమే మినహాయింపు ఇచ్చింది. పెళ్లిళ్లకు లైసెన్సు పేరుతో వసూళ్లు చేయవద్దని 2023 జులైలో కేంద్రం కూడా గుర్తుచేసింది. స్పాన్సర్ల బ్యానర్లు కట్టి రాత్రి నడిపే ఆర్కెస్ట్రా దీని కిందికి వస్తుందా అన్నది మాత్రం వాదించాల్సిన సంగతే.

సినిమా పేరే పోలీసు స్టేషను కాబట్టి స్టేషను గురించీ చెప్పాలి. తెలిసీ కాపీరైటును ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సై స్థాయి అధికారి వారంటు లేకుండా కాపీలు స్వాధీనం చేసుకోవచ్చు. ఈ దారి ఎంత దూరం పోతుందో ‘శ్రీమంతుడు’ చూపించింది. స్వాతి పత్రికలో వచ్చిన తన నవలను వాడుకున్నారని రచయిత శరత్‌చంద్ర వేసిన క్రిమినల్ ఫిర్యాదులో దర్శకుడు కొరటాల శివకు 2024 జనవరిలో సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. అయితే నా సలహా, జానపద తగాదాల్లో ఈ కత్తి బయటికి తీయకండి. కర్త ఎవరో తేలని చోట స్టేషనులో తేలేది పలుకుబడి మాత్రమే. అది ఊరి బృందానికి ఉండదు.

సివిల్ దావా అయితే జిల్లా కోర్టుకు తగ్గిన కోర్టులో వేయలేం. కానీ హైదరాబాదు నిర్మాత మీద హైదరాబాదులోనే వేయాలని లేదు. దావా వేసే మనిషి ఎక్కడ నివసిస్తే అక్కడి జిల్లా కోర్టులో వేసుకోవచ్చని సెక్షన్ 62 చెబుతోంది. మామూలు దావాలకు లేని వెసులుబాటు ఇది. కాబట్టి కోటబొమ్మాళి గాయకుడికి శ్రీకాకుళం చాలు. దావా విలువ 3 లక్షలు, అంతకు మించితే వాణిజ్య కోర్టుల చట్టం కిందికి పోతుంది. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. పాటల తగాదాలకు అదే మేలు కూడా. గడువు మూడేళ్లు.

కొత్తగా గొంతుల కాపీ వచ్చింది. గాయకుడి గొంతును అనుమతి లేకుండా కృత్రిమ మేధతో తయారుచేయడం తప్పని 2024 జులైలో అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి ఇలాంటి రక్షణే తెచ్చుకున్నారు. ఇవన్నీ పేరున్నవారి కేసులు. పేరు లేని గొంతును దొంగిలిస్తే ఎవరు గుర్తుపట్టాలి?

చివరిగా చట్టంలో నిజంగా ఉన్న లోటు. సారవకోట మండలంలోని బుడితి మన జిల్లాదే. ఆ ఊరి ఇత్తడి, కంచు పాత్రలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఏ ఒక్కరూ యజమాని కాని నేర్పును ఊరి నేర్పుగా చట్టం ఒప్పుకుంది, బయటివాడు ఆ పేరుతో అమ్మితే ఆపే వీలిచ్చింది. అదే బుడితిలో పని చేస్తూ పాడుకునే పాటకు అలాంటి రక్షణ లేదు. ఆ చట్టం వస్తువులకు మాత్రమే. సంప్రదాయ విజ్ఞానం కోసం 2001లో మొదలుపెట్టిన డిజిటల్ భాండాగారంలోకి వైద్యం, యోగా ఎక్కాయి గాని పాట ఎక్కలేదు. ప్రపంచ మేధోసంపత్తి సంస్థలో 2000 నుంచీ చర్చ సాగుతోంది. 2024 మేలో జన్యు వనరుల మీద ఒప్పందం కుదిరింది, జానపద కళలు మళ్లీ బయటే ఉండిపోయాయి.

ఘనా దేశం జానపదమంతా ప్రభుత్వానిదే అని 1985లో చట్టం చేసింది. 2005లో తన పౌరులే వాడుకోవాలన్నా అనుమతి అడగమంది. ఆ దారి మనకొద్దు. అసిరమ్మ కథ చెప్పడానికి అమరావతి నుంచి అనుమతి పత్రం తెచ్చుకునే రోజు రాకూడదు. 2016లో కెన్యా చేసిన చట్టం హక్కును సముదాయాల చేతిలోనే ఉంచింది, అది కొంత నయం. కానీ మన దగ్గర ఒకే పాటను టెక్కలిలో యాదవులూ మందసలో సవరలూ గంజాంలో ఒడియావాళ్లూ తమదనే అంటారు. యాజమాన్యం పంచబోతే కొత్త గొడవలే మిగులుతాయి. అందుకే నేను అడిగేది తక్కువ. జానపదం వాడుకునేవారు అది ఏ ప్రాంతానిదో, ఎవరి నోట విన్నారో టైటిల్స్‌లో, యూట్యూబు వివరాల్లో పేర్లతో రాయడం చట్టబద్ధమైన విధి కావాలి. వాడుకోవడం ఉచితంగానే ఉండనివ్వండి, పేరు చెప్పడం మాత్రం తప్పనిసరి చేయండి. దక్షిణాఫ్రికా గాయకుడు సోలమన్ లిండా 1939లో పాడిన ‘ఎంబూబే’ ప్రపంచమంతా తిరిగి డిస్నీ సినిమా దాకా చేరితే, వారసులకు పరిష్కారం దొరికింది 2006లో. ఆపాటికి లిండా పోయి నలభై ఏళ్లు దాటింది.

పేరు చెప్పడం తప్పనిసరి చేసే చట్టం వచ్చేదాకా చేయదగ్గ పని చేతిలోనే ఉంది. సొంత పాటనో చరణాన్నో నమోదు చేసుకోవడానికి కాపీరైటు కార్యాలయంలో రుసుము 500 రూపాయలు. నమోదు లేకపోయినా హక్కు ఉంటుంది గాని, ఉంటే సాక్ష్యం తేలికవుతుంది. న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవారికి ఉచితంగా వకీలును ఇవ్వాలి. మన జానపద కళాకారుల్లో ఈ జాబితాలోకి రానివారు అరుదు. టెక్కలి, పలాస, సోంపేట ప్లీడర్లకు నా విన్నపం ఇది: జిల్లా న్యాయసేవాధికార సంస్థతో మాట్లాడి, వచ్చే కొత్తమ్మతల్లి జాతరకు వచ్చే బృందాల కోసం ఒక శిబిరం పెట్టండి. పాడేవారి పేర్లు, ఎవరు ఏ చరణం కట్టారో, చానళ్లతో చేసుకున్న కాగితాలు చూడండి. గడువూ ప్రాంతమూ రాయల్టీ రాసిన ఒక పేజీ తెలుగు అగ్రిమెంటు తయారుచేసి వాళ్ల చేతికివ్వండి.